తెర మీద ఒక్క వాక్యం

"పీపీటీ అయిందా?"

ఫైనలియర్ రివ్యూల రోజుల్లో ఏ ఇంజినీరింగ్ కాలేజీ వరండాలో నిలబడినా వినిపించే మాట ఇదే. ప్రాజెక్టు అయిందా అని ఎవరూ అడగరు. పీపీటీ అయితే ప్రాజెక్టు అయినట్టే లెక్క. ఆ పీపీటీ కూడా చాలాసార్లు కొత్తగా పుట్టదు, సీనియర్ల పెన్‌డ్రైవ్‌లోంచి వారసత్వంగా వస్తుంది. పేర్లు, రోల్ నంబర్లు, గైడు గారి పేరు మారతాయి. వరస మాత్రం మారదు: అబ్‌స్ట్రాక్ట్, ఇంట్రడక్షన్, లిటరేచర్ సర్వే, ఎగ్జిస్టింగ్ సిస్టమ్, ప్రపోజ్డ్ సిస్టమ్, బ్లాక్ డయాగ్రమ్, రిజల్ట్స్, కన్‌క్లూజన్, ఫ్యూచర్ స్కోప్. చివర గులాబీ పువ్వు పక్కన థాంక్యూ.

అలాంటి ఓ రివ్యూకు ఎక్స్‌టర్నల్‌గా వెళ్లాను. నేలలో తేమ చూసుకుని బోరు మోటారును దానంతటదే ఆన్, ఆఫ్ చేసే పరికరం. పిల్లలు నిజంగానే కష్టపడ్డారు. బల్ల మీద కుండీలో మట్టి, మట్టిలో గుచ్చిన సెన్సరు, పక్కన టకటకమంటున్న రిలే. తెర మీద మాత్రం ‘రిజల్ట్స్’ అన్న శీర్షిక, దాని కింద ఎనిమిది నిలువు వరసల ఎక్సెల్ పట్టిక. "ఇంతకీ ఏం తేలిందమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి తెర వంక చూసింది. తను చేసిన స్లైడులో తనే జవాబు వెతుక్కుంది. దొరకలేదు. ఇటు తిరిగి, కాస్త ఆగి, "సార్, నల్లరేగడిలో బాగానే పనిచేస్తోంది. ఇసుక నేలలో మోటారు చాలా ఆలస్యంగా ఆగుతోంది" అంది.

మొత్తం ఇరవై రెండు స్లైడులు. ఈ ముక్క ఒక్కదాంట్లోనూ లేదు.

నేనూ తక్కువ తినలేదు. చాలా ఏళ్ల కిందట ఓ సదస్సులో ఇంతకంటే పెద్ద పట్టిక తెర మీద పెట్టి, "వెనకున్నవాళ్లకు ఇది కనిపించకపోవచ్చు, అయినా..." అని మొదలుపెట్టాను. చివరి వరసలోంచి ఒకాయన, "కనిపించదని తెలిసీ పెట్టారెందుకండీ?" అన్నాడు. గదంతా నవ్వింది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఈ అధ్యాయం ఆయనకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

నల్లబల్ల పోయి తెర వచ్చాక

నల్లబల్లకు ఒక సుగుణం ఉండేది. మాస్టారి చెయ్యి ఎంత వేగంగా రాస్తే పాఠం అంతే వేగంగా నడిచేది. సుద్దముక్క విరిగినప్పుడల్లా మనకు ఊపిరి పీల్చుకునే వ్యవధి. ఓహెచ్‌పీ అనే ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ షీట్ల కాలంలో కూడా షీటు ఖరీదు, చేతిరాత బద్ధకం కలిసి వక్తను అదుపులో పెట్టేవి. ఆ రెండు పగ్గాలనూ తెంపింది పవర్‌పాయింట్. రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ తయారుచేసిన ఆ సాఫ్ట్‌వేరు 1987 ఏప్రిల్‌లో మెకింటాష్ కంప్యూటర్ల కోసం వచ్చింది. అప్పట్లో దాని పని ఓహెచ్‌పీ షీట్లకు నలుపు తెలుపుల్లో ప్రింటు తీసిపెట్టడమే. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ దాన్ని 1 కోటీ 40 లక్షల డాలర్లకు కొనేసింది.

సాఫ్ట్‌వేరును తిట్టడం నా ఉద్దేశం కాదు. కత్తి మంచిదే, కూర ఎలా తరగాలో తెలియాలి. కాకపోతే కొత్త స్లైడు తెరవగానే ఎదురయ్యే మూస ఒకటుంది: పైన శీర్షికకు ఒక పెట్టె, కింద చుక్కలు పెట్టి పాయింట్లు రాసుకోవడానికి ఇంకో పెట్టె. ఖాళీ పెట్టె కనిపిస్తే నింపకుండా ఉండలేం. పై పెట్టెలో ఒక పేరు పడేస్తాం, ‘రిజల్ట్స్’ అనో ‘మెథడాలజీ’ అనో. కింది పెట్టెలో తుంపులు తుంపులుగా మాటలు. క్రియ ఎగిరిపోతుంది. ఎవరు ఏం చేశారో, దేనివల్ల ఏం జరిగిందో చెప్పేది క్రియే కదా. అది పోయాక మిగిలేది సామాన్ల జాబితా.

ఆ జాబితా ఎంత దూరం తీసుకెళ్లగలదో చూపడానికి ఒక స్లైడు ఉంది. సాంకేతిక ప్రపంచంలో దానంత నిశితంగా పరీక్షకు గురైన స్లైడు మరొకటి లేదనుకుంటాను.

కొలంబియా స్లైడు

2003 జనవరి 16న కొలంబియా స్పేస్ షటిల్ ఫ్లోరిడా నుంచి లేచింది. లోపల ఏడుగురు. వాళ్లలో కర్నాల్‌లో పుట్టి పెరిగిన కల్పనా చావ్లా ఉంది. అదే షటిల్‌లో ఆమెకు అది రెండో ప్రయాణం. నేల విడిచిన 82 సెకన్లకు, బయటి ఇంధన ట్యాంకుకు పూసిన నురగ పూతలోంచి ఒక పెద్ద తునక ఊడి ఎడమ రెక్కను ఢీకొట్టింది. ఆ సంగతి మర్నాడు ఫిల్ములు చూసినప్పుడు బయటపడింది. షటిల్ ఇంకా కక్ష్యలోనే ఉంది, తిరుగు ప్రయాణానికి రెండు వారాల వ్యవధి ఉంది. రెక్కకు ఏమైనా అయిందా?

లెక్క కట్టే పని బోయింగ్ ఇంజినీర్ల మీద పడింది. వాళ్ల చేతిలో క్రేటర్ అనే గణన పద్ధతి ఉంది. చిన్న చిన్న తునకలు వేడిని కాచే పలకలకు తగిలితే ఎంత లోతు దిగుతాయో అంచనా వేస్తుంది. లెక్క కట్టి ఫలితాలను స్లైడులుగా నాసా అధికారుల ముందు పెట్టారు. వాటిలో ఒకదాన్ని ఇప్పుడు దగ్గరగా చూద్దాం.

శీర్షికను తెలుగులో చెప్పుకుంటే, పలకల్లోకి తునక చొచ్చుకుపోయే విషయంలో మన అంచనాలు జాగ్రత్త వైపే మొగ్గుతున్నాయని పరీక్షల సమాచారం సూచిస్తోంది, అని. అంటే మన లెక్క అసలుకంటే ఎక్కువ నష్టమే చూపిస్తుంది, భయం లేదు అన్న ధ్వని. పని ఒత్తిడిలో ఉన్న పెద్ద అధికారి ఈ ఒక్క లైను చదివి గుండె మీద చెయ్యి వేసుకుంటాడు.

శీర్షిక కింద మెట్లు మొదలవుతాయి. పెద్ద చుక్క, దాని కింద అడ్డగీత, దాని కింద వజ్రం గుర్తు, ఆ కింద చిన్న చుక్క, దానికీ కింద బ్రాకెట్లో మాటలు. శీర్షికతో కలిపి ఆరు అంతస్తులు. మెట్టు దిగేకొద్దీ అక్షరాలు చిక్కిపోతాయి. ‘గణనీయం’ అనే అర్థమిచ్చే ఇంగ్లిష్ మాట, దాని రూపాలు అయిదుసార్లు వస్తాయి, వచ్చినచోటల్లా వేరే భావంలో. ఎంత గణనీయమో చెప్పే అంకె ఒక్కచోటా లేదు. ఘనపుటంగుళం అన్న కొలతనే ఆ ఒక్క స్లైడులో రకరకాలుగా రాశారు.

అన్నీ దాటుకుని అట్టడుగుకు వస్తే, జరిగిన పరిస్థితి పరీక్షల పరిధికి బాగా బయట ఉందని ఒక పాయింటు కనిపిస్తుంది. దాని కింద ఉప పాయింటుగా రెండు అంకెలు. ఊడిన భాగం 1920 ఘనపుటంగుళాలు, పరీక్షల్లో వాడింది 3 ఘనపుటంగుళాలు.

భాగించి చూడండి. 640 రెట్లు. మన కొలతల్లో చెప్పుకుందాం. మూడు ఘనపుటంగుళాలంటే చిన్న టీ గ్లాసులో సగం, 50 మిల్లీలీటర్ల లోపు. 1920 ఘనపుటంగుళాలంటే 31 లీటర్ల పైన, ఇంటికి తెప్పించుకునే నీళ్ల క్యాన్లు ఒకటిన్నర. అరగ్లాసు టీని విసిరి చూసిన అనుభవంతో, క్యానున్నర వచ్చి పడితే ఏమవుతుందో చెబుతున్నారన్నమాట. ఆ స్లైడులో అన్నిటికంటే పెద్ద సంగతి అదే. అది అన్నిటికంటే చిన్న అక్షరాల దగ్గర, అన్నిటికంటే కింద కూర్చుంది. శీర్షికేమో దానికి సరిగ్గా ఎదురు చెబుతోంది.

ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో కొలంబియా టెక్సస్ ఆకాశంలో ముక్కలైపోయింది. ఏడుగురూ మరణించారు. అదే ఏడాది జులైలో శాన్ ఆంటోనియోలోని పరిశోధన సంస్థలో సుమారు ముప్పాతిక కిలో నురగ దిమ్మను గన్నుతో రెక్క ముందంచు ప్యానెల్ మీదికి పేల్చి చూశారు. సుమారు 16 అంగుళాల రంధ్రం పడింది. ఆ ప్యానెల్ పలక కాదు, కార్బన్ మిశ్రమంతో చేసిన అంచు. ఆ స్లైడు శీర్షికలో ఉన్న మాటేమో పలకలు.

దర్యాప్తు బోర్డు ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఈ స్లైడుకు ప్రత్యేకంగా చోటిచ్చింది. గ్రాఫులు, పట్టికల రూపకల్పన మీద పుస్తకాలు రాసిన ఎడ్వర్డ్ టఫ్టీ చేసిన విశ్లేషణను అందులో చేర్చింది. దీన్ని చదివిన పై అధికారికి ఇది ప్రాణాల మీదికొచ్చే సంగతి అని తోచకపోవడంలో ఆశ్చర్యం లేదని బోర్డు అభిప్రాయపడింది. సాంకేతిక నివేదికలు రాయాల్సిన చోట స్లైడులతో సరిపెట్టే అలవాటు నాసాలో పాతుకుపోయిందనీ తప్పుపట్టింది.

ఇక్కడొక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆ ఏడుగురి ప్రాణాలు తీసింది స్లైడు కాదు. రెక్కను కక్ష్యలో ఫొటో తీయించండని ఇంజినీర్లు మొరపెట్టుకున్నా పైవాళ్లు వినలేదు, అది వేరే కథ. కానీ వినని చెవికి ఆ స్లైడు మంచి దిండు అందించింది.

మరి ఎలా ఉండాల్సింది? శీర్షిక స్థానంలో ఒక్క పూర్తి వాక్యం: తగిలిన తునక మనం పరీక్షించినదానికి 640 రెట్లు పెద్దది, కాబట్టి రెక్క పరిస్థితి ఈ లెక్కతో తేలదు. కింద రెండు దిమ్మల బొమ్మలు పక్కపక్కన, ఒకే కొలతలో. ఒకటి అంగుళంన్నర లోపు పక్కలున్నది, రెండోది అడుగు దాటింది. అంతే. ఆరు అంతస్తులూ అక్కర్లేదు, వజ్రాలూ అక్కర్లేదు.

ఈ పద్ధతికి అమెరికాలో ఇంజినీర్లకు రాయడం, ప్రసంగించడం నేర్పే మైకేల్ ఆలీ వంటివాళ్లు చాలాకాలంగా ప్రచారం చేస్తున్నారు. పైన తేల్చి చెప్పే వాక్యం, కింద దానికి కంటికి కనిపించే రుజువు. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది. కూర్చుని చేయబోతే తెలుస్తుంది. ‘రిజల్ట్స్’ అని రాయడానికి ఏమీ తెలియనక్కర్లేదు. "నల్లరేగడిలో మోటారు వేళకు ఆగుతోంది, ఇసుకలో ఆలస్యమవుతోంది" అని రాయాలంటే ఫలితం తెలిసుండాలి. వాక్యం రాయలేకపోతున్నారంటే ఇంకా ఆలోచించలేదని అర్థం. నా దృష్టిలో ఈ పద్ధతి అసలు లాభం అదే. వినేవాళ్లకంటే ముందు అది చేసేవాళ్లను నిలదీస్తుంది.

పిల్లలు దీనికి రెండు అడ్డంకులు చెబుతారు. మొదటిది, "పాయింట్లు లేకపోతే మర్చిపోతాం సార్." నిజమే, కానీ అప్పుడది మీ చీటీ అవుతుంది, జనం కోసం పెట్టిన స్లైడు కాదు. చీటీ చేతిలో ఉండాలి, లేదా మీ లాప్‌టాప్‌లో మీకు మాత్రమే కనిపించే నోట్స్‌లో ఉండాలి. రెండోది, "డిపార్ట్‌మెంట్ టెంప్లేట్ ఇదే సార్, మారిస్తే ఊరుకోరు." దీనికి నా సలహా రాజీ మార్గం. ‘రిజల్ట్స్’ అన్న మాటను మూలన చిన్నగా ఉండనివ్వండి, మీ వాక్యాన్ని దాని కింద పెద్దగా రాయండి. ఇంతవరకు ఏ గైడూ దానికి మార్కులు తీసేయగా నేను చూడలేదు.

లోపలి గొంతు

వక్త ఒకవైపు మాట్లాడుతుంటే, తెర మీద పేరాలు పేరాలు ఉంటే, మనం ఏం చేస్తాం? చదువుతాం. అక్షరం కనబడితే చదవకుండా ఉండటం మన చేతిలో లేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే గోడల మీది ప్రకటనలన్నీ చదువుకుంటూ పోమా?

చిక్కల్లా ఇక్కడే. మౌనంగా చదివేటప్పుడు కూడా లోపల ఒక గొంతు పలుకుతుంటుంది. 1974లో అలన్ బ్యాడ్లీ, గ్రాహమ్ హిచ్ ప్రతిపాదించిన నమూనా ప్రకారం మన తాత్కాలిక జ్ఞాపకంలో మాటలకొక అర, దృశ్యాలకొక అర ఉన్నాయి. కంటితో చదివిన మాట కూడా ఈ లోపలి గొంతు ద్వారా మాటల అరకే చేరుతుంది. చెవిన పడే వక్త మాటా అక్కడికే వస్తుంది. ఒకే గుమ్మంలో ఇద్దరూ ఇరుక్కుంటారు. బొమ్మకైతే వేరే గుమ్మం. అందుకే బొమ్మ చూస్తూ మాట వినడం హాయిగా ఉంటుంది, పేరా చదువుతూ మాట వినడం చిరాకు పుట్టిస్తుంది.

నమ్మకపోతే ఇంట్లోనే చూడండి. కొరియన్ సీరియల్‌ను సబ్‌టైటిల్స్‌తో గంటలకొద్దీ చూడగలం, ఎందుకంటే ఆ సంభాషణ మనకు అర్థం కాదు, పోటీ లేదు. అదే తెలుగు డబ్బింగ్ పెట్టుకుని, కింద దానికి కాస్త తేడాగా ఉన్న తెలుగు సబ్‌టైటిల్స్ నడవనిస్తే పది నిమిషాల్లో తల వాచిపోతుంది.

రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాల తరబడి ఈ విషయం మీద ప్రయోగాలు చేశాడు. బొమ్మ, మాట కలిసి ఉన్నప్పటికంటే బొమ్మ, మాట, అదే మాటకు తెర మీద పూర్తి పాఠం మూడూ కలిసి ఉన్నప్పుడు నేర్చుకోవడం తగ్గుతుందని ఆయన తేల్చిన సంగతుల్లో ఒకటి. మనలాంటివాళ్లకు అవసరమైన మినహాయింపు కూడా అందులోనే ఉంది. వినేవాళ్లకు ఆ భాష మాతృభాష కాకపోయినా, మాట కొత్తదో కష్టమైనదో అయినా, ఆ ఒక్క మాటను తెర మీద రాయడం మేలే చేస్తుంది. మన సెమినార్లన్నీ దాదాపు ఇంగ్లిష్‌లోనే కదా. ‘హిస్టెరిసిస్’ అని నోటితో అంటే సగం మందికి ఇంకేదో వినిపిస్తుంది. రాసి చూపించండి. దాని నిర్వచనం మొత్తం మాత్రం వద్దు.

ఒకేసారి ఎన్ని సంగతులు బుర్రలో పట్టుకోగలం? జార్జ్ మిల్లర్ 1956లో ఏడు, ఇటో రెండు అటో రెండు అన్నాడు. 2001లో నెల్సన్ కొవాన్ దాన్ని నాలుగు దగ్గరికి దించాడు. దీన్ని పట్టుకుని స్లైడుకు ఏడు పాయింట్లు, పాయింటుకు ఏడు మాటలు అంటూ చలామణి అవుతున్న సూత్రానికి ఏ ఆధారమూ లేదు. మిల్లర్ స్లైడుల గురించి చెప్పనే లేదు. ఆయన చెప్పింది జ్ఞాపకం గురించి. తెర మీద ఉన్నదాన్ని గుర్తుపెట్టుకోనక్కర్లేదు, చూసుకోవచ్చు. సమస్య పాయింట్ల సంఖ్యలో లేదు, వాటి మధ్య సంబంధాన్ని చూసేవాడి నెత్తిన వేయడంలో ఉంది.

బొమ్మ అబద్ధమాడకూడదు, దాచకూడదు

రుజువు అన్నాం కదా. సాంకేతిక ప్రసంగంలో రుజువంటే చాలావరకు గ్రాఫే. విలియం క్లీవ్లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ 1984లో జనం గ్రాఫులను ఎంత కచ్చితంగా చదవగలరో కొలిచారు. ఒకే గీత మీద నిలబెట్టిన వాటి ఎత్తుపల్లాలను కన్ను చాలా చక్కగా పోల్చగలదు. కోణాల దగ్గర తడబడుతుంది, వైశాల్యాల దగ్గర ఇంకా తప్పుతుంది, రంగుల ముదురు లేత దగ్గర చేతులెత్తేస్తుంది. ఇంత తెలిశాక కూడా గుండ్రటి పైచార్టును త్రీడీలో వాల్చి పెట్టడం ఎందుకో నాకు బోధపడదు. పిజ్జా అంగడికైతే సరే.

దాచడం గురించి ఇంకో షటిల్ కథ. 1986 జనవరి 27 రాత్రి, మర్నాడు చాలెంజర్ ఎగరాల్సి ఉండగా, బూస్టర్ తయారుచేసిన కంపెనీ ఇంజినీర్లు చలికి రబ్బరు రింగులు బిగుసుకుపోతాయని భయపడి, ఫోన్ సమావేశంలో 13 చార్టులు నాసా ముందుంచారు. ఎగరవద్దనే వాదించారు, నెగ్గలేకపోయారు. మర్నాడు చాలెంజర్ గాల్లోనే ముక్కలైపోయింది. ఆ 13 చార్టుల్లో అన్ని ప్రయోగాల ఉష్ణోగ్రతలనూ ఒక అక్షం మీద, రింగుల నష్టాన్ని రెండో అక్షం మీద పెట్టిన గ్రాఫు ఒక్కటీ లేదు. తర్వాత దర్యాప్తు సంఘం అలా లెక్క తీసింది. 66 డిగ్రీల ఫారెన్‌హీట్, అంతకంటే వెచ్చగా ఉన్నప్పుడు జరిగిన 20 ప్రయోగాల్లో 3 సార్లే రింగులు దెబ్బతిన్నాయి. 63 డిగ్రీలు, అంతకంటే చల్లగా ఉన్నప్పుడు జరిగిన నాలుగింటిలో నాలుగుసార్లూ దెబ్బతిన్నాయి. మర్నాటి సూచన నీళ్లు గడ్డకట్టే చలి. దెబ్బతినని ప్రయోగాలను పక్కన పెట్టి దెబ్బతిన్నవే చూస్తే ఈ తేడా కంటికి ఆనదు. ఆ గ్రాఫు గీసుంటే ప్రయోగం ఆగేదని టఫ్టీ రాశాడు. ఆ ఇంజినీర్లు ఆయన మాటను తీవ్రంగా ఖండించారు. నాకు వాళ్ల బాధే న్యాయంగా తోస్తుంది. గండం గడిచాక గ్రాఫు గీయడం తేలిక. అయినా బాగున్నవాటిని కూడా గ్రాఫులో పెట్టాలన్న పాఠం మాత్రం చెక్కుచెదరదు.

రంగుల గురించి క్లుప్తంగా చెబుతాను. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు యూరోపియన్ మూలాల మగవాళ్లలో వందకు ఎనిమిది మంది దాకా ఉన్నారు. గ్రాఫులో రెండు గీతలకు ఆ రెండు రంగులే వేసి, మూలన చిన్న పెట్టెలో ఏది ఏదో రాస్తే, రంగులు బాగా తెలిసినవాళ్లు కూడా ఆ పెట్టెకూ గీతకూ మధ్య తిరుగుతూనే ఉంటారు. గీత పక్కనే ‘నల్లరేగడి’ అని రాసేయండి, గొడవ వదిలిపోతుంది.

ఫాంటు గురించి మాత్రం మరీ బెంగ వద్దు. 2012 జులై 4న సెర్న్‌లో హిగ్స్ బోసాన్ కనుగొన్నామని ప్రకటిస్తూ ఫాబియోలా జనోటి చూపిన స్లైడులు కామిక్ శాన్స్‌లో ఉన్నాయి, పిల్లల బొమ్మల పుస్తకాల అక్షరాల్లాంటి ఫాంటు అది. లోకమంతా పడీపడీ నవ్వింది. బోసాన్‌కేమీ కాలేదు.

చివరి బెంచీ లెక్క

నన్ను నిలదీసిన ఆ చివరి వరస పెద్దమనిషి దగ్గరికి వద్దాం. ఆయనకు కనిపించాలంటే అక్షరం ఎంతుండాలి? ఇది అభిరుచికి సంబంధించిన ప్రశ్న కాదు, త్రికోణమితి లెక్క.

కళ్ల డాక్టరు గదిలో చార్టు గుర్తుందిగా. చూపు బాగున్న కన్ను పోల్చుకోగల అతి చిన్న అక్షరం కంటి దగ్గర 5 నిమిషాల కోణం చేస్తుంది, డిగ్రీలో పన్నెండో వంతు. 12 మీటర్ల దూరంలో అది పదిహేడున్నర మిల్లీమీటర్ల అక్షరం. ఇప్పుడు తెర ఎత్తు మీటరున్నర అనుకోండి. పవర్‌పాయింట్ స్లైడు ఎత్తు మామూలుగా ఏడున్నర అంగుళాలు, అంటే 540 పాయింట్లు. తెర మీద ఒక పాయింటుకు 2.8 మిల్లీమీటర్లు వస్తుంది. ఇంగ్లిష్ చిన్నక్షరాల ఎత్తు ఫాంటు సైజులో సుమారు సగం. కాబట్టి 12 పాయింట్ల అక్షరం తెర మీద 17 మిల్లీమీటర్లు, కన్ను ఓడిపోయే అంచు మీద సరిగ్గా నిలబడి ఉంటుంది. హాయిగా చదవాలంటే దానికి రెట్టింపు కావాలి. 24 పాయింట్లు. అది ఎవరో పెట్టిన నియమం కాదు, గది పొడవు చెప్పిన అంకె.

తెలుగుకు అది కూడా చాలదు. ద కీ ధ కీ మధ్య ఉన్నది అడుగున ఒక చిన్న గీత. వ కీ ప కీ తేడా తలకట్టు అతుక్కుందా, విడిగా ఉందా అన్నదే. ‘రాష్ట్రం’ అన్న మాటలో ష కింద ఎన్ని మడతలున్నాయో ఒకసారి చూడండి. వత్తులు కిందికి, గుళ్లు పైకి సాగుతాయి కనుక లైనుకూ లైనుకూ మధ్య ఇంగ్లిష్‌కు ఇచ్చే ఎడం ఇస్తే పై లైను వత్తు కింది లైను గుడిని గుద్దుకుంటుంది. అందుకే తెలుగు స్లైడుకు నేను 32 పాయింట్లకు తగ్గను, లైన్ల మధ్య ఎడం కాస్త ఉదారంగానే ఇస్తాను. ఫాంట్లకు ఇప్పుడు కొదవ లేదు. రామభద్ర, మల్లన్న, ఎన్‌టీఆర్, మండలి వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. రామభద్ర లావుపాటి అక్షరం, శీర్షిక వాక్యానికి నిండుగా ఉంటుంది. కాకపోతే హాల్లో ఉన్న కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే మీ అందమైన తెలుగు వేరే వేషంలోనో, ఖాళీ డబ్బాల్లానో ప్రత్యక్షమవుతుంది. పీడీఎఫ్ కాపీ ఒకటి జేబులో పెట్టుకుని వెళ్లండి.

లెక్కలు వద్దనుకునేవాళ్లకు సులువైన పరీక్ష చెబుతాను. మీటరున్నర తెరను 12 మీటర్ల నుంచి చూడటమంటే తెర ఎత్తుకు ఎనిమిది రెట్ల దూరం నుంచి చూడటం. మామూలు లాప్‌టాప్ తెర ఎత్తు 19 సెంటీమీటర్లు ఉంటుంది. దానికి ఎనిమిది రెట్లంటే అయిదడుగులు. స్లైడును లాప్‌టాప్ తెర నిండా తెరిచి, బల్ల మీద పెట్టి, అయిదడుగులు వెనక్కి నడిచి చదవండి. మీరు కూర్చోబెట్టబోయే చివరి బెంచీ అదే.

ఆ పరీక్షలో నెగ్గాక ఇంకొక్కటి. శీర్షికలు మాత్రమే వరసగా ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి, ఇంజినీరింగ్ తెలియనివాళ్లయితే మరీ మంచిది. ఎక్కడ "అయితే?" అంటారో అక్కడ మీ వాక్యం ఇంకా వాక్యం కాలేదు. ఆ థాంక్యూ గులాబీని తీసేయండి. ఆ మాట నోటితో చెప్పండి. ప్రశ్నలడిగే పది నిమిషాలూ తెర మీద మీ ఇసుక నేల గ్రాఫు ఉండనివ్వండి.